మాఱుమాట పలుకుట తప్పా?

మన యిండ్లలో ఒక బిడ్డను మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు పెద్దలు తఱచుగా పలుకు మాట "మావాడు మాఱుమాటాడడు" అనునది. చెప్పినది విని, తల యూచి, పని చూచుకొనిపోవు బాలుడు బుద్ధిమంతుడనియు, "ఏమంటిరి? మఱల చెప్పుడు" అని యడుగు బాలుడు మందమతియో మొండివాడో యనియు మనలో పెక్కుమంది తలంపు. పెద్దల నెదిరించి వాదించుట తప్పనుట నిజమే. కాని విన్న మాటను మఱల పలికి, "నేను విన్నది సరియేనా?" యని యడుగుటను సైతము మాఱుమాటగా నెంచి అణచివేయుట మన కలవాటైనది. ఈ యలవాటు కొన్ని చోట్ల ప్రాణములు తీయును. అట్టి చోట్లలో విమానాశ్రయ మొకటి. అచ్చట మాట తిరిగి పలుకువాడే విధేయుడు; పలుకక తల యూచువాడే యపరాధి. ఈ సంగతిని మన పాఠశాల విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును విన్నవించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఎర్రగడ్డవారికి విమానము వింతవస్తువు కాదు. మనకు తూర్పున కొలది దూరముననే బేగంపేట విమానాశ్రయమున్నది. అది 1930ల దశకమున నిజాము పాలనలో వెలసినది. దాని రన్‌వే, అనగా విమానము దిగుటకును లేచుటకును వేసిన బాట, తూర్పు పడమరలుగా నున్నది. అందుచేత పడమటినుండి దిగవచ్చు విమానములు మన యిండ్ల కప్పులమీదుగా పోవుచుండెడివి. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదున రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము తెఱవబడగా ప్రయాణికుల విమానములు అచ్చటికి తరలిపోయినవి. ఐనను తలపైని విమానపు మ్రోత విన్నప్పుడు పైకి చూచుట మనకు మానలేదు. అట్లు చూచునప్పుడు మన వృద్ధులు "అంత యెత్తున ఎట్లు పోవుచున్నారో, దేవుడే కాపాడవలెను" అందురు. ప్రమాదమంతయు ఆకసమునందే యున్నదని వారి భయము. విమానయాన చరిత్రలో అన్నిటికంటె నెక్కువ ప్రాణములు తీసిన విమాన ప్రమాదము ఆకసమున జరుగలేదు. రన్‌వే మీదనే జరిగినది. దానికి యంత్రలోపము కారణము కాదు. పలికిన మాట ఒకటి, వినబడిన మాట మఱొకటి యగుట ముఖ్య కారణములలో నొకటి. ఆ కథ చెప్పుటకు ముందు, విమానము నేలమీద నెట్లు నడచునో తెలిసికొందము.

స్థానబలిమి యను మాట విమానమునకు చక్కగా పొసగును. ఆకసమున గంటకు ఐదువందల మైళ్లు పోగల యా మహాయంత్రము నేలకు దిగినంతనే గట్టెక్కిన మొసలివలె మందగమనమై పరాధీనమగును. ముక్కుభాగమున నెత్తుగా కూర్చుండు పైలటునకు తన చక్రములు కనబడవు. విమానపు కడుపుక్రింద ఎవ్వరున్నారో కనబడదు. పెద్ద విమానములలో ననేకమునందు తన ఱెక్కల కొనలు సైతము కనబడవు. నిలిచినచోటినుండి వెనుకకు జరుగవలసినప్పుడు ఒక ట్రాక్టరు దాని ముక్కుచక్రమును పట్టి నెట్టవలసియుండును. తిరుగుచున్న ఇంజను తన ముందున్నవానిని లోనికి లాగును, వెనుకనున్నవానిని దూరముగా విసరును. ఇట్టి దానికి నేలమీద దారి చూపునవి ఇతరుల కన్నులును, ఇతరుల నోటిమాటయును.

ఈ కొఱత తీర్చుటకై రంగులతో నొక భాష కల్పింపబడినది. రన్‌వేకు పోవు దారులను టాక్సీవేలందురు. వాని నడుమ పసుపుపచ్చని గీత యుండును. ముక్కుచక్రమును ఆ గీత వెంబడి నడుపవలెను. రాత్రివేళ టాక్సీవే యంచులందు నీలి దీపములును, అనేక స్థలములలో నడుమ ఆకుపచ్చ దీపములును వెలుగును. రన్‌వే యంచులందు తెల్లని దీపములుండును. టాక్సీవే రన్‌వేను కలియుచోటికి ముందు అడ్డముగా నాలుగు పసుపు గీతలుండును. రెండు నిండుగీతలు, రెండు తెగిన గీతలు. నిండుగీతల వైపునుండి వచ్చువాడు సెలవు లేనిదే దాటరాదు. ప్రక్కన ఎఱ్ఱని పలకమీద తెల్లని యక్షరములతో రన్‌వే సంఖ్య వ్రాసియుండును. పెద్ద విమానాశ్రయములలో నేలలో పొదిగిన ఎఱ్ఱ దీపముల వరుస కూడ నుండును. అవి వెలుగుచుండగా దాటుట మహాపరాధము.

రన్‌వే సంఖ్య ఎట్లు వచ్చునో విద్యార్థులు తెలిసికొనదగును. దిక్సూచిలో ఉత్తరమునుండి కుడివైపుగా లెక్కించిన డిగ్రీలలో చివరి యంకెను విడిచిన సంఖ్యయే అది. తూర్పుముఖము 90 డిగ్రీలు గనుక 09. పడమటిముఖము 270 గనుక 27. బేగంపేట రన్‌వేకును, శంషాబాదు రన్‌వేలకును ఇవే సంఖ్యలు. శంషాబాదున రెండు బాటలు ప్రక్కప్రక్కగా నున్నవి. పెద్దదాని పొడవు 4,260 మీటర్లు. రెండును ఒకే దిక్కున కుండుటచేత సంఖ్యకు ఎడమ, కుడి యను మాట చేర్చి పిలువవలెను. "09 ఎడమ" యనుటకు "09 కుడి" యని వినినచో ఏమగునో ఆలోచింపుడు. ఒక్క మాట తప్పినచో నొక బాటయే తప్పును.

రంగులభాష ఎంత చక్కనిదైనను అది చాలదు. ఏ విమానము ఎప్పుడు కదలవలెనో, ఎచ్చట నిలువవలెనో చెప్పువాడు గోపురమునందు కూర్చున్న కంట్రోలరు. అతనికిని పైలటునకును నడుమ నున్న వంతెన రేడియోమాట యొక్కటే. ఆ వంతెన విఱుగకుండ ప్రపంచమంతటను కొన్ని కట్టుబాట్లు ఏర్పడినవి. ఇంగ్లీషులో "బి", "డి", "పి" యను నక్షరములు రేడియోలో నొకటిగానే వినబడును. కావున "బ్రావో", "డెల్టా", "పాపా" యని పలుకుదురు. ఈ యక్షరమాల 1956వ సంవత్సరమునుండి వాడుకలోనున్నది. తొమ్మిదికి "నైన్" అనక "నైనర్" అనియు, ఐదునకు "ఫైవ్" అనక "ఫైఫ్" అనియు నందురు. "రోజర్" అనుమాటకు "నీ మాట వింటిని" అని మాత్రమే యర్థము; "అట్లే చేయుదును" అనుటకు "విల్కో" యని వేఱొక మాట కలదు. వినుట వేఱు, చేయుట వేఱు గదా!

అన్నిటికంటె ముఖ్యమైన కట్టుబాటు తిరిగి పలుకుట. రన్‌వేలోనికి పొమ్మనినను, దాటుమనినను, దానికి వెలుపల నిలుమనినను, లేచిపొమ్మనినను, పైలటు ఆ యాజ్ఞను రన్‌వే సంఖ్యతోసహా మఱల పలుకవలెను. అంతటితో పని తీరదు. అతడు పలికినది సరిగా నున్నదో లేదో కంట్రోలరు చెవియొగ్గి వినవలెను. తప్పైనచో వెంటనే దిద్దవలెను. మాట పోయి, తిరిగి వచ్చి, సరిచూడబడిననే గాని ఆజ్ఞ పూర్తికాదు. రైలుమార్గములయందును ఇట్టిదే యొక యాచారము కలదు. గేటు మూయుమని స్టేషను మాస్టరు ఫోనులో చెప్పగా, గేటుకాపరి మూసినపిమ్మట "మూసితిని" అని యూరకుండక, తన పుస్తకములోని ప్రైవేటు నంబరును చెప్పును. ఆ నంబరును మాస్టరు వ్రాసికొనును. వట్టి "సరే" మీద రైలును పంపరు.

ఇక టెనెరిఫె కథ. 1977వ సంవత్సరము మార్చి 27వ తేదీన అట్లాంటిక్ సముద్రమునందలి కానరీ దీవులలో నొకటియైన టెనెరిఫెలో, లాస్ రోడియోస్ అను విమానాశ్రయమున రెండు బోయింగు 747 విమానములు ఢీకొనినవి. ఒకటి డచ్చి దేశపు కే.ఎల్.ఎం. సంస్థది, రెండవది అమెరికా దేశపు పాన్ యామ్ సంస్థది. నిజమునకు రెండును అచ్చట దిగవలసినవి కావు. పొరుగు దీవియందలి విమానాశ్రయమున బాంబు ప్రేలుటచే దారి మళ్లి వచ్చినవి. చిన్న స్థలమున విమానములు క్రిక్కిఱిసి టాక్సీవే మూసికొనిపోగా, అవి రన్‌వే మీదనే నడచి చివరకు పోవలసివచ్చెను. ఇంతలో మబ్బులు నేలకు దిగెను. ముందుపోయిన డచ్చి విమానము చివర వెనుదిరిగి, లేచుటకు సిద్ధముగా నిలిచెను. వెనుకవచ్చు అమెరికా విమానము ప్రక్కదారికి మళ్లవలసియుండెను గాని యింకను రన్‌వే మీదనే యుండెను. ఒకరి కొకరు కనబడరు. గోపురమునందున్నవారికి ఇద్దఱును కనబడరు.

అప్పుడు కంట్రోలరు డచ్చివారికి లేచినపిమ్మట పోవలసిన మార్గమును చెప్పెను. అది లేచుటకు సెలవు కాదు. డచ్చి విమానపు సహపైలటు ఆ మార్గమును తిరిగి పలికి, తాము లేచుచున్నామనియో, లేచుటకు సిద్ధముగా నున్నామనియో తెలియని మాట నొకదానిని చివర చేర్చెను. కంట్రోలరు మొదట సరే యని, క్షణము తాళి, ఆగుమనియు తాను పిలుతుననియు చెప్పెను. సరిగా నదే క్షణమున అమెరికావారు, తాము ఇంకను రన్‌వే మీదనే యున్నామని పలికిరి. రెండు మాటలు ఒక్కసారి రేడియోలో కలిసి కీచుమను ధ్వనిగా మాఱెను. డచ్చివారికి స్పష్టముగా వినబడినది "సరే" యను మొదటి మాట. ఆ తరువాత వారి విమానములోని ఫ్లైట్ ఇంజనీరు, ఆ అమెరికా విమానము దారి విడువలేదేమో యని సందేహము వెలిబుచ్చెను. కాప్టెను ఆ సంస్థలో మిక్కిలి పెద్దవాడు, ఇతరులకు శిక్షణ నిచ్చువాడు. విడిచినదని యతడు దృఢముగా చెప్పగా ఇంజనీరు మఱల అడుగలేదు. కొన్ని క్షణములలో 583 మంది మృతినొందిరి. డచ్చి విమానములోని 248 మందిలో ఒక్కరును మిగులలేదు. అమెరికా విమానమునుండి 61 మంది బ్రతికి బయటపడిరి.

చదువరులు గమనింపవలసినది ఇది: ఆ యింజనీరు సరిగా సందేహించెను. నోరు తెఱచి అడిగెను కూడ. కాని ఒకమాఱు అడిగి పెద్దవాని మాటకు లోబడెను. మనము పిల్లలలో మెచ్చుకొను గుణమే అది! ఆ ఘోరమునకు పిమ్మట ప్రపంచమున రెండు మార్పులు వచ్చినవి. "టేకాఫ్" అను మాటను లేచుటకు సెలవిచ్చునప్పుడును, ఆ సెలవు రద్దుచేయునప్పుడును తప్ప మఱెప్పుడును పలుకరాదని కట్టుబాటు చేసిరి. చిన్న యుద్యోగి పెద్ద యుద్యోగిని ప్రశ్నించుటయు, పెద్దవాడు దానిని వినుటయు పైలటుల విద్యలో నొక పాఠముగా చేర్చిరి.

ఇంతతో అంతయు చక్కబడెనా? లేదు. 2001వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన ఇటలీలోని మిలాను నగరమున లినాటే విమానాశ్రయమున పొగమంచులో ఒక చిన్న విమానము దారితప్పి, లేచుచున్న పెద్ద విమానమునకు అడ్డుపడెను. 118 మంది మరణించిరి. నేలమీది విమానములను చూపు రాడారు అప్పుడు పనిచేయుట లేదు. చిన్న విమానపు పైలటు తానున్న చోటి గుర్తును నేలమీద చదివి చెప్పెను. ఆ గుర్తు కంట్రోలరు ఎఱిగినది కాదు. "అది యెచ్చట?" అని అతడు అడిగియుండినచో తప్పుదారి బయటపడియుండును. తెలియని మాటను తెలిసినట్లే విడిచిపెట్టుట యెంత కీడు!

2024వ సంవత్సరము జనవరి 2వ తేదీన జపాను రాజధాని టోకియోలోని హనేడా విమానాశ్రయమున ఇట్టిదే మఱొకటి జరిగెను. ముందునాడు భూకంపము వచ్చిన నోటో ప్రాంతమునకు సహాయ సామగ్రి గొనిపోవు తీరరక్షక విమానము రన్‌వేకు వెలుపల నిలువవలసియుండగా లోనికి పోయి నిలిచెను. దిగివచ్చిన ప్రయాణికుల విమానము దానిని ఢీకొనెను. కంట్రోలరు చెప్పినది, లేచువారి వరుసలో నీవు మొదటివాడవు, వెలుపల నిలుపుచోటికి పొమ్మని. మొదటివాడవను మాట వారికి సెలవువలె తోచెను. తీరరక్షక విమానములోని ఆఱుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్ద విమానములోని 379 మందియు, సిబ్బంది ధైర్యముచేతను, ప్రయాణికులు తమ సామానులు విడిచి చెప్పినట్లు వినుటచేతను, మండుచున్న విమానమునుండి ప్రాణములతో బయటపడిరి. విధేయత యొక్క విలువకును ఇది నిదర్శనమే. నేను ఖండించునది విధేయతను కాదు. అర్థము కాకయే చూపు విధేయతను.

ఇవి దూరదేశముల కథలని తీసివేయరాదు. 2015వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన ముంబయినుండి మన హైదరాబాదునకే బయలుదేరవలసిన ఎయిర్ ఇండియా విమానమొకటి కలదు. దానిని ట్రాక్టరుతో వెనుకకు నెట్టిరి. నేలమీద నిలిచిన సాంకేతిక సిబ్బంది పూర్తిగా వైదొలగకముందే విమానము కదలెను. అచ్చట పనిచేయుచున్న ఒక ఉద్యోగి తిరుగుచున్న ఇంజనులోనికి లాగబడి మరణించెను. నేలమీదివాడు చేతితో సంజ్ఞచేసి, పైలటు ఆ సంజ్ఞను చూచి, చూచినట్లు తిరిగి తెలిపినపిమ్మటనే కదలవలెనను నియమము ఎంత చిన్నదో, దానివెనుక నున్న ప్రాణము అంత గొప్పది. హైదరాబాదున బంధువులకొఱకు ఎదురుచూచినవారికి ఆ రాత్రి విమానము ఆలస్యమైన సంగతి మాత్రము తెలిసియుండును. ఒక యింటికి మాత్రము మనిషియే తిరిగి రాలేదు.

మాఱుమాట ప్రాణములు కాపాడిన కథయు నొకటి చెప్పవలెను. 2023వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఢిల్లీలో ఒక విస్తారా విమానము దిగి, ప్రక్కనున్న రన్‌వేను దాటుటకు సెలవుపొంది పోవుచుండెను. అదే రన్‌వే మీద అదే సంస్థకు చెందిన మఱొక విమానమునకు లేచుటకు సెలవు దొరకెను. దాటుచున్న విమానమును నడుపు మహిళా కాప్టెను ఎదుటి విమానమును చూచి, వెంటనే కంట్రోలరునకు తెలిపెను. లేవబోవు విమానమును ఆపివేసిరి. ఒక్కరికిని గాయమైనను కాలేదు. గోపురమునందున్నవారు చూచుకొందురులే యని యామె మౌనముగా నుండినచో ఏమగునో చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు నా యభిప్రాయము విన్నవించెదను. మన దేశమున ఈ విషయమున యంత్రములకంటె ముందు మాఱవలసినవి మన యలవాట్లు. పూర్వము జమీందారుల కచేరీలలో "చిత్తము" అను మాట యుండెడిది. మన నగరమున "జీ హుజూర్" అను మాట యుండెడిది. చిత్తమనగా విన్నాననియా, తెలిసినదనియా, చేయుదుననియా, లేక తిట్టకుండ పంపివేయుడనియా? నాలుగును కావచ్చును. నేడు ఆ మాటలు పోయి "సరే సార్" వచ్చినది గాని యర్థము మాత్రము స్పష్టపడలేదు. పెద్దలయెదుట "నాకు తెలియలేదు" అనుట అవమానమని చిన్ననాటనే నేర్చిన వాడు, పెరిగి విమానము క్రింద నిలిచినప్పుడు మాత్రము నోరు తెఱచునా?

రెండవ సంగతి భాష. పైలటులును కంట్రోలరులును అంతర్జాతీయ నియమములకు లోబడి తగినంత ఇంగ్లీషు నేర్చియుండవలెను, అది సమంజసమే. 1996వ సంవత్సరము నవంబరు 12వ తేదీన హర్యానాలోని చర్ఖీ దాద్రీపై ఆకసమున రెండు విమానములు ఢీకొని 349 మంది మరణించినప్పుడు, ఒక విమానపు సిబ్బందికి ఇంగ్లీషు చాలినంత రాకపోవుటయు ఒక కారణముగా చెప్పబడినది. కాని విమానాశ్రయమున పైలటులు మాత్రమే లేరు. సామానులు మోయువారు, ట్రాక్టరు నడుపువారు, చమురు నింపువారు, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టువారు, చీపురు పట్టువారు ఎందఱో కలరు. విమానము కడుపుక్రిందను పొట్టమీదను ఎఱ్ఱ దీపము మినుకుచుండగా ఇంజను తిరుగుచున్నదనియో తిరుగబోవుచున్నదనియో గ్రహించి దగ్గఱకు పోరాదని తెలియవలసినవారు వారే. తెలుగునాట పనిచేయు వీరికి ఈ సంగతులు తెలుగులో చెప్పి, తెలుగులో తిరిగి చెప్పించుకొనవలెనని నా మనవి. ఒకే చోట రెండు భాషలు గందరగోళమునకు దారితీయునని కొందఱందురు. రేడియోకు ఆ మాట చెల్లును, శిక్షణకు చెల్లదు. రాని భాషలో చేవ్రాలు చేయించుకొనుట పాఠము చెప్పుట కాదు, బాధ్యత దులుపుకొనుట.

మూడవ సంగతి శిక్ష. తప్పు జరిగినంతనే ఎవరినో యొకరిని పట్టి పదవినుండి తీసివేసినచో ప్రజలకు తృప్తి కలుగును. కాని మఱునాటినుండి తక్కినవారందఱు తమ పొరపాట్లను దాచుదురు. ప్రమాదముల విచారణ నివారణకొఱకే గాని నిందించుటకు కాదని అంతర్జాతీయ పౌరవిమానయాన నియమములు చెప్పుచున్నవి. తెలిసి తెలిసి నియమము మీఱినవానిని శిక్షింపవలసినదే. కాని "నేను గీత దాటబోయితిని, చివరి క్షణమున ఆగితిని" అని స్వయముగా వచ్చి చెప్పినవానిని తిట్టువాడు, రేపటి ప్రమాదమునకు నేడే పునాది వేయుచున్నాడు.

మాట తిరిగి పలుకుచు కూర్చున్నచో పనులెట్లు సాగునని కొందఱు ప్రశ్నింతురు. ఒక యాజ్ఞను తిరిగి పలుకుటకు ఐదాఱు సెకనులు చాలును. టెనెరిఫెలో డచ్చివారు తొందరపడుటకు కాలవ్యయభయమే యొక కారణమని విచారించినవారు చెప్పిరి. వారు మిగుల్చుకొన్న కాలమెంత, పోగొట్టుకొన్నదెంత? ఇట్లడుగుట పెద్దలయెడ అగౌరవమని మఱికొందఱందురు. పెద్దవాని మాటను తప్పుగా విని తప్పుగా చేయుట గౌరవమా? సరిగా విని సరిచూచుకొనుట గౌరవమా? నిజముగా పెద్దవాడైనవాడు తన మాట సరిగా చేరినదో లేదో యని తానే విచారించును.

ఇది విమానములు నడుపువారి గొడవ, మనకేల యని విద్యార్థులు తలంపరాదు. మన వీధిలోనికి వచ్చు బస్సును చూడుడు. కండక్టరు "రైట్" అనినచో పొమ్మని యర్థము. ఆ మాటకే ఇంగ్లీషులో కుడివైపనియు నర్థము. వెనుకకు నడుపునప్పుడు ఒకడు "రానీ, రానీ" యని యఱచును. మఱొకడు "హోల్డాన్" అనును. డ్రైవరు ఎవని మాట వినవలెను? పాఠశాల వాహనము వెనుక చిన్నపిల్లలు నిలిచియుండగా ఈ గందరగోళము చిన్నది కాదు. ఒక్క మనుష్యుడే చెప్పవలెను, డ్రైవరు అద్దములో అతనిని చూచుచుండవలెను, అతడు కనబడనినాడు బండి ఆగవలెను. విమానమును వెనుకకు నెట్టువారి నియమమునకును దీనికిని భేదము లేదు.

కావున మన పాఠశాలలో మూడు చిన్న యాచారములు నెలకొల్పుట మేలని నా సూచన. ఒక తరగతినుండి మఱొక తరగతికి వార్త గొనిపోవు విద్యార్థి, బయలుదేరుటకు ముందు ఆ వార్తను పంపినవారియెదుట తిరిగి చెప్పవలెను. ప్రయోగశాలలో ఆమ్లములు, గాజుసామగ్రి ముట్టుకొనుటకు ముందు ఉపాధ్యాయుడు చెప్పిన క్రమమును ఒక విద్యార్థి బిగ్గరగా పలుకవలెను. తప్పైనచో తక్కినవారు దిద్దవలెను. "తెలియలేదు, మఱల చెప్పుడు" అనిన విద్యార్థిని ఎవ్వరును నవ్వరాదు. నవ్వినవానిచేతనే ఆ పాఠమును తిరిగి చెప్పింపవలెను. వీనికి ధనమక్కఱలేదు, యంత్రములక్కఱలేదు.

తల్లిదండ్రులకు నొక మనవి. అంగడికి పంపిన బిడ్డ వాకిటివఱకు పోయి, వెనుదిరిగి వచ్చి, "అరకిలో యంటివా, కిలో యంటివా?" అని యడిగినప్పుడు విసుగుకొనకుడు. ఆ బిడ్డకు బుద్ధి తక్కువ కాదు. చెప్పిన మాటమీద శ్రద్ధ యెక్కువ. మన బాలబాలికలలో ఎందఱో పెరిగి శంషాబాదున విమానములు నడుపవచ్చును, గోపురమున కూర్చుండవచ్చును, విమానపు చక్రములచెంత అడ్డుదిమ్మ చేతబట్టి నిలువవచ్చును. నాడు వారు ఎవ్వరికిని జంకక "నాకు సరిగా వినబడలేదు, మఱల చెప్పుడు" అనగలుగవలెను. ఆ ధైర్యమును వారికి నేర్పవలసిన కాలమిదియే, నేర్పవలసినవారము మనమే.